వంద కోట్ల నోటీసు, రెండెకరాల భయం

"అన్నా, మా నాయిన రెండెకరాలు పోతయా?"

రెండేండ్ల కింద మా పక్కింటి తమ్ముడు నన్ను అడిగిన మాట ఇది. అప్పటికి వాని చేతుల రిజిస్టర్ పోస్టుల వచ్చిన లాయర్ నోటీసు ఉన్నది. ముచ్చట ఏందంటే, మా ఊర్ల కొత్తగ కట్టిన మోరి ఆరు నెలలకే పగిలింది. వాడు ఫోన్ల వీడియో తీసి తన యూట్యూబ్ ఛానల్ల పెట్టిండు. పగుళ్లు చూపెట్టిండు. గోటితోని గోకితే సిమెంటు రాలుడు చూపెట్టిండు. అంతవరకు బాగనే ఉన్నది. ఆఖరుకు ఒక మాట జారిండు: "ఇండ్ల పైసలన్నీ మన లీడర్ సారే తిన్నడు." పేరు వెట్టి మరీ అన్నడు. పది రోజులకు నోటీసు వచ్చింది. వారంల బేషరతుగ క్షమాపణ చెప్పాలె, లేకుంటే కోటి రూపాయల పరువు నష్టం దావా.

వాళ్ల అమ్మ రెండు రోజులు సక్కగ అన్నం తినలె. వాళ్ల నాయిన నోరు తెరిచి ఒక్క మాట అనలె గని, పట్టాదారు పాసుబుక్కు బీరువలకెళ్లి తీసి ఇంకో తాన దాచిపెట్టిండు.

మనం టీవీల రోజూ చూస్తనే ఉన్నం. ఒక లీడర్ ఇంకో లీడర్‌ను ఏదో అంటడు. తెల్లారేసరికి "వంద కోట్ల పరువు నష్టం" అని కింద స్క్రోలింగ్ ఉరుకుతది. 2024 అక్టోబర్ల మంత్రి కొండా సురేఖ అన్న మాటల మీద కేటీఆర్ వంద కోట్ల దావా వేసిండు. అసొంటి మాటలు ఇగ అనొద్దని, ఉన్న వీడియోలు తీసెయ్యాలని హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు ఆర్డర్ ఇచ్చింది. అదే ముచ్చట మీద హీరో నాగార్జున క్రిమినల్ కేసు పెట్టిండు. 2025 నవంబర్ల ఆమె విచారం చెప్పినంక కేసు వెనక్కి తీసుకున్నడు.

పెద్దోళ్ల లొల్లి పెద్దోళ్లది. వాళ్లకు లాయర్లున్నరు, పార్టీలున్నయి. మన తమ్ముని అసొంటోనికి ఏమున్నది? అందుకే ఈ లెక్క మనకు తెల్వాలె. కోటి, పది కోట్లు, వంద కోట్లు అనే అంకెలు ఎక్కడికెళ్లి వస్తయి? ఆఖరుకు జడ్జి ఎంత ఇయ్యమంటడు? దేన్ని చూసి అంటడు?

నోటీసుల అంకె వేరు, తీర్పుల అంకె వేరు

ముందుగాల ఒకటి యాది పెట్టుకోండ్రి. లాయర్ నోటీసు కోర్టు ఆర్డర్ కాదు. అది ఒక ఉత్తరం. అండ్ల కోటి అని రాసినా, వెయ్యి కోట్లు అని రాసినా రాసేటోనికి కర్చు కాదు. దావా వేసేటప్పుడే అసలు సంగతి బయట పడ్తది. మన తెలుగు రాష్ట్రాలల్ల ఎంత అడిగితే దానికి తగ్గట్టు కోర్టు ఫీజు కట్టాలె. అందుకే నోటీసుల ఉన్న పెద్ద అంకె చాలాసార్లు కోర్టు మెట్లెక్కదు. ఎక్కినా చివరిదాంక ఉండదు.

అరుణ్ జైట్లీ, కేజ్రీవాల్ కేసు చూడుండ్రి. ఢిల్లీ క్రికెట్ సంఘం వ్యవహారంల తన మీద చేసిన ఆరోపణలు అబద్ధమని జైట్లీ 2015 డిసెంబర్ల 10 కోట్ల దావా వేసిండు. రెండేండ్లకు పైన నడిచింది. 2018 ఏప్రిల్‌ల కేజ్రీవాల్, ఆయన తోటి నాయకులు క్షమాపణ చెప్పిండ్రు, కేసు ముగిసింది. 10 కోట్లు ఎటు వోయినయి? ఎటూ పోలె. రాజకీయ నాయకుల దావాలల్ల చాలాసార్లు కావాల్సింది పైసలు కాదు, "నేను తప్పన్న" అని ఎదుటోని నోటితోని అనిపిచ్చుడు.

అట్లని "ఏం గాదు తియ్" అనుకునేరు. తీర్పుదాంక వోయిన కేసులు గూడ ఉన్నయి. తర్వాత తృణమూల్ రాజ్యసభ ఎంపీ అయిన సాకేత్ గోఖలే 2021 జూన్‌ల కొన్ని ట్వీట్లు పెట్టిండు. ఐక్యరాజ్య సమితిల పెద్ద కొలువు చేసిన లక్ష్మీ పురి స్విట్జర్లాండ్‌ల ఇల్లు కొన్నదని, ఆ పైసలు ఎక్కడియని అనుమానం వచ్చేటట్టు రాసిండు. ఆమె కేంద్ర మంత్రి హర్‌దీప్ పురి భార్య. ఆమె 5 కోట్లు అడిగింది. 2024 జూలై 1న ఢిల్లీ హైకోర్టు 50 లక్షలు కట్టుమన్నది. పేపర్ల క్షమాపణ ఎయ్యాలె, తన ట్విట్టర్ ఖాతాల ఆరు నెలలు ఉంచాలె అని గూడ చెప్పింది. పైసలు కట్టకపోతే 2025 ఏప్రిల్‌ల ఎంపీ జీతం జప్తు చెయ్యమన్నది. తీర్పు వెనక్కి తీసుకోండ్రి అని పిటిషన్ పెడ్తే 2025 మేల కొట్టేసింది. ఆఖరుకు జూన్‌ల క్షమాపణ పెట్టిండు.

ఇంకో కేసు రాజకీయ నాయకునిది కాదు గని, లెక్క ఎంత ఎత్తుకు పోతదో చూపెడ్తది. 2008ల టైమ్స్ నౌ ఛానల్ ఒక కుంభకోణం వార్తల ఒక జడ్జి ఫోటో బదులు సుప్రీంకోర్టు మాజీ జడ్జి పి.బి. సావంత్ ఫోటో వేసింది. తెర మీద ఉన్నది ఏదో 15 సెకండ్లు. 2011ల పుణె కోర్టు 100 కోట్లు కట్టుమన్నది. అప్పీలుకు పోతే, ముందు 20 కోట్లు జమ చెయ్యి, 80 కోట్లకు బ్యాంకు గ్యారంటీ ఇయ్యి అని బాంబే హైకోర్టు అన్నది. సుప్రీంకోర్టు అండ్ల వేలు పెట్టలె.

ఒక తాన ట్వీట్లకు 50 లక్షలు, ఇంకో తాన 15 సెకండ్ల ఫోటోకు 100 కోట్లు. ఇదేం లెక్క అని మీకు అనిపిస్తది. నాకు గూడ అనిపిచ్చింది. ముచ్చట ఏందంటే, ఎకరానికి ఇంత, క్వింటాలుకు ఇంత అన్నట్టు పరువుకు మన చట్టంల మద్దతు ధర లేదు. జడ్జి కేసు కేసుకు చూసి, సబబు అనిపిచ్చింది ఇస్తడు. గని ఆ సబబు గాలిల నుంచి పుట్టదు. దానికి కొన్ని ప్రశ్నలున్నయి.

లాయర్ అడిగిన ఐదు ప్రశ్నలు

తమ్ముణ్ని తీస్కొని జిల్లా కేంద్రంల ఒక లాయర్ తానికి వోయినం. ఆమె వీడియో మొత్తం రెండుసార్లు చూసింది. "కోటి సంగతి పక్కకు పెట్టు బాబూ, ఇవి చెప్పు" అని ఐదు ప్రశ్నలు అడిగింది. అప్పుడు నాకు సమజైంది, రేపు జడ్జి అడిగేవి గూడ ఇవే అని.

మొదటిది: ఏమన్నవ్? "మోరి నాసిరకం" అనుడు వేరు, "పైసలు తిన్నడు" అనుడు వేరు. మొదటిది కండ్ల ముందట ఉన్నదాని మీద నీ అభిప్రాయం. రెండోది ఒక మనిషి మీద దొంగతనం మోపుడు. ఎంత పెద్ద నింద మోపితే నష్టం లెక్క అంత పెరుగుతది.

రెండోది: నీ తాన కాయిదం ఏమున్నది? సివిల్ కేసుల నిజం చెప్తే అది పరువు నష్టం కానే కాదు. గని నిజమని రుజువు చేసే బరువు అన్నోని మీదనే ఉంటది. "ఊరంతా అనుకుంటున్నరు" అంటే నడవది. ఎస్టిమేటు కాపీ, బిల్లు కాపీ, సమాచార హక్కు కింద తెచ్చిన జవాబు, ఇసొంటివి కావాలె. తమ్ముని తాన పగుళ్ల ఫోటోలున్నయి. అవి మోరి పగిలిందని చెప్తయి. పైసలు ఎవరు తిన్నరో చెప్పవు.

మూడోది: అనే ముందు అడిగినవా? ఆ లీడర్‌కు ఫోన్ చేసినవా? ఇంజినీర్‌ను అడిగినవా? గోఖలే కేసుల కోర్టు మొదటికెళ్లి పట్టుకున్నది ఇదే. ఆమెను ఒక్క మాట అడగకుండనే లోకం ముందట పెట్టుడేంది అని. అడిగి, వాళ్ల జవాబు గూడ వీడియోల పెడ్తే, రేపు నీకు చెడు ఉద్దేశం లేదని చెప్పుకునేటందుకు అదే ఆధారం.

నాలుగోది: ఎంతమంది చూసిండ్రు? నలుగురి ముందట కట్ట మీద అన్న మాటకు, లక్షమంది చూసిన వీడియోకు లెక్క ఒక్కటి కాదు. ఎదుటి మనిషికి లోకంల ఉన్న పేరు గూడ చూస్తరు. ఆ మాట ఇని తమకు ఆయన మీద గౌరవం తగ్గిందని సాక్షులు వచ్చి చెప్తే దానికి విలువ ఉంటది. ఇంకోటి, ఫార్వర్డ్ చేసినోడు గూడ తప్పిచ్చుకోలేడు. వేరేటోడు రాసిందే నేను పంపిన అంటే కోర్టులు ఇనవు.

ఐదోది: ఆ తర్వాత ఏం చేసినవ్? తప్పని తెల్సినంక జల్ది తీసేసినవా, సవరించినవా, లేకుంటే పంతానికి వోయి నాలుగు వీడియోలు ఎక్కువ చేసినవా? సావంత్ కేసుల ఛానల్ క్షమాపణ చెప్పుడు ఆలస్యం చేసుడు దానికే ఎదురు తిరిగింది.

ఇవి గాక ఒకటి ఉన్నది. అసలు జేబుకు వడ్డ నష్టం. నీ మాట వల్ల నా వ్యాపారం పోయింది, కాంట్రాక్టు పోయింది అంటే కాయిదాలతోని చూపెట్టాలె. "నీ వీడియో వల్ల ఎలక్షన్ల ఓడిపోయిన" అని లీడర్ అనొచ్చు గని, ఓటు వేసినోడు దేన్ని చూసి వేసిండో రుజువు చేసుడు అంత అల్క కాదు.

అమెరికల ఎట్ల గడ్తరు

అక్కడ విడివిడిగ లెక్క చెప్తరు గనుక ఒక్క కేసు జూద్దాం. ఇ. జీన్ కారల్ అనే రచయిత్రి ట్రంప్ తన మీద లైంగిక దాడి చేసిండని చెప్పింది. 2019ల ప్రెసిడెంట్‌గ ఉన్న ట్రంప్ ఆమె అబద్ధాలాడుతున్నదని అన్నడు. 2024 జనవరిల జ్యూరీ ఆమెకు 8.33 కోట్ల డాలర్లు ఇయ్యాలె అన్నది. అండ్ల 1.1 కోట్లు పోయిన పేరును మళ్ల నిలబెట్టుకునే కర్చు కింద. 73 లక్షలు ఆమె పడ్డ బాధకు, మిగిలిన నష్టానికి. 6.5 కోట్లు శిక్ష కింద, ఎందుకంటే కేసు నడుస్తున్నప్పుడు గూడ ఆయన అదే మాట అనుకుంట వోయిండు. ఆ మాటలు ఎంతమందికి చేరినయి, వాళ్లకు సరైన మాట చేరవేయాలంటే ఎంత కర్చయితదని ఒక ప్రొఫెసర్ వచ్చి కోర్టుల లెక్క గట్టి చెప్పింది. 2025 సెప్టెంబర్ల అప్పీలు కోర్టు గూడ ఈ మొత్తాన్ని నిలబెట్టింది.

మన కోర్టులల్ల జ్యూరీ లేదు. లెక్క ఇట్ల ముక్కలు ముక్కలుగ చెప్పుడు గూడ తక్కువనే. నా బాధ ఇక్కడనే. 50 లక్షలు ఎందుకు, 5 లక్షలు ఎందుకు కాదు? తీర్పుల ఆ దారి కనవడాలె. దారి కనవడకపోతే నోటీసు రాసేటోనికి ఎంత పెద్ద అంకె రాస్తే అంత భయవెట్టొచ్చు అనే ధైర్యం వస్తది.

పదవిల ఉన్నోళ్లు కొంత పడాలె

గ్రామాలల్ల పని చేసే పోరగాళ్లు గుర్తు పెట్టుకోవాల్సిన తీర్పు ఒకటున్నది. 1994ల తమిళనాడు నక్కీరన్ పత్రిక కేసుల సుప్రీంకోర్టు ఇచ్చింది. రాసింది మన తెలుగు జడ్జి, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. దాని సారం ఇది. ప్రభుత్వం, స్థానిక సంస్థలు పరువు నష్టం కింద పైసలడిగి దావా వెయ్యలేవు. అంటే "మా పంచాయతీ పరువు తీసినవ్" అని పంచాయతీ నిన్ను కోర్టుకు గుంజలేదు. సర్కారు అధికారి కొలువు పని మీద విమర్శ చేస్తే, అది ఆఖరుకు తప్పని తేలినా, నిజమో కాదో పట్టించుకోకుండ రాసిండని చూపెడ్తెనే దావా నిలవడ్తది. తగినంత విచారించే రాసిన అని చూపెట్టుకుంటే చాలు. సొంత జీవితం మీద, ఇంట్ల ఆడోళ్ల మీద, పిల్లల మీద మాట్లాడితే మాత్రం ఈ రక్షణ లేదు.

మొన్న 2025 సెప్టెంబర్ 8న గూడ సుప్రీంకోర్టు గట్టి మాటనే అన్నది. 2024 ఎలక్షన్ల టైంల రేవంత్ రెడ్డి కొత్తగూడెంల రిజర్వేషన్ల మీద మాట్లాడిన మాటల మీద బీజేపీ తెలంగాణ శాఖ కేసు పెట్టింది. హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టుకు పోతే, రాజకీయ కొట్లాటలకు ఈ కోర్టును వాడుకోకుండ్రి, లీడర్లన్నంక చర్మం మందం ఉండాలె అని చీఫ్ జస్టిస్ గవాయి అని పంపిచ్చిండు. ఆ మాట ముఖ్యమంత్రికి అక్కెరకొచ్చింది. మా ఊరి మోరి వీడియో తీసిన పోరనికి గూడ అక్కెరకు రావాలె కదా.

విచారణ కాకముందే "వీడియో తీసెయ్యి" అని ఆర్డర్ తెచ్చుడు గూడ అల్కగ ఉండొద్దని 2024 మార్చిల బ్లూమ్‌బర్గ్, జీ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. పైసలున్నోళ్లు నోరు మూపిచ్చేటందుకే దావాలు వేస్తరని, కింది కోర్టులు జాగ్రత్తగ చూడాలని అన్నది.

జైలు దారి ఒకటున్నది

పైసల దావా ఒక దారి, క్రిమినల్ కేసు ఇంకో దారి. ఇప్పటి భారతీయ న్యాయ సంహితల 356 సెక్షన్. రెండేండ్ల దాంక సాదా జైలు, లేకుంటే జుర్మానా, లేకుంటే సమాజ సేవ. ఇండ్ల నిజం చెప్పుడొక్కటే సరిపోదు, అది జనం మంచికి చెప్పినట్టు గూడ ఉండాలె. ఈ చట్టం ఉండాల్సిందే అని 2016ల సుప్రీంకోర్టు తేల్చింది. 2019ల కోలార్ మీటింగుల అన్న ఒక మాటకు 2023 మార్చిల సూరత్ కోర్టు రాహుల్ గాంధీకి నిండ రెండేండ్లు వేస్తే ఎంపీ పదవి పోయింది. ఉన్నదాంట్ల పెద్ద శిక్ష ఎందుకు వేసిండ్రో కారణం చెప్పలేదని ఆ ఆగస్టుల సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. పైసల లెక్కకైనా, జైలు లెక్కకైనా కారణం చెప్పాల్సిందే అన్నది నేను ఇండ్లకెళ్లి నేర్చుకున్న పాఠం.

ఇగ రెండెకరాల ముచ్చట

లాయరమ్మ తమ్ముని నాయినకు సక్కగ సమజ్ చేసింది. డిక్రీ ఎవరి మీద అయితదో వాళ్ల ఆస్తి మీదనే పడ్తది. నాయిన తన పైసలతోని కొనుక్కున్న భూమికి, కొడుకు మాటకు సంబంధం లేదు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిల కొడుకుకు వాటా ఉంటే ఆ వాటా మాత్రం వేరే ముచ్చట. సాగు చేసుకునే రైతు ఉంటున్న ఇల్లు, సాగు పనిముట్లు, సాగుకు అక్కెరున్న పశువులు జప్తుకు రావు. జీతమైతే మొదటి వెయ్యి, మిగిలినదాంట్ల మూడింట రెండు వంతులు ముట్టరు. ఇంకోటి, అన్న రోజుకెళ్లి ఒక్క ఏడాది లోపటనే దావా వెయ్యాలె.

అది ఇన్నంక ఆ పెద్దమనిషి మొదటిసారి నోరు తెరిచిండు. "మరి ఈ ముక్క ఆ కాయిదంల ఎందుకు రాయలె బిడ్డా?" అన్నడు.

రాయరు కాక. భయం పోతే నోటీసుకు పని లేదు.

నోటీసుకు జవాబు పంపినం. పంపకుండ కూసునుడు, కోర్టు సమన్లు వస్తే పోకుండుడు మస్తు డేంజర్. నువ్వు లేకుంట ఎదుటోడు చెప్పిందే ఇని జడ్జి తీర్పు ఇయ్యొచ్చు. వీడియోలకెళ్లి "తిన్నడు" అన్న ముక్క తీసేసినం. "ఆ మాటకు నా తాన ఆధారం లేదు, వెనక్కి తీసుకుంటున్న" అని తమ్ముడు పెట్టిండు. పగుళ్లు, రాలే సిమెంటు మాత్రం అట్లనే ఉంచినం. అది ఉన్నదే కదా. పనుల లెక్క కోసం సమాచార హక్కు దరఖాస్తు వేసుడు గూడ ఆ రోజే చెయ్యాల్సింది. వాళ్ల అమ్మ వద్దన్నది.

ఏడాది నిండింది. దావా రాలె. చట్టం లెక్కల మా తమ్ముడు గెలిచిండు. ఒక్క రూపాయి పోలె.

అయితే నేను ఈ రాత ఎందుకు రాస్తున్న? ఆ నోటీసు వచ్చిన నాటి నుంచి వాడు ఊరి ముచ్చట ఒక్కటి గూడ పెట్టలె. ఇప్పుడు వాని ఛానల్ల బతుకమ్మ పాటలు, ఎడ్ల పందేలు, పెండ్లి బరాత్‌లు ఉంటయి. చూసేటోళ్లు గూడ పెరిగిండ్రు. బడిల మధ్యాహ్న భోజనం మీద ఒకామె వీడియో తియ్యమని అడిగితే "నాకెందుకక్కా" అన్నడట.

పరువు పోయిన మనిషికి కోర్టు పైసల లెక్క గడ్తది. గట్టాలె గూడ. అబద్ధం మోస్తె లీడర్‌కైనా బాధ బాధనే, ఆయనకూ ఇల్లున్నది, పిల్లలున్నరు. గని ఒక ఊర్ల అడిగే గొంతు బందయితే ఆ నష్టం లెక్క ఎవరు గడ్తరు? దానికి దావా ఎవరు వేస్తరు?

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, నేను చెప్పేది ఒక్కటే. "తిన్నడు" అనకుండ్రి, "లెక్క చూపెట్టు" అని అడుగుండ్రి. లెక్క అడిగినందుకు ఎవని పరువూ పోదు. అడిగే ముందు కాయిదం తెచ్చుకోండ్రి, ఎదుటోని మాట గూడ పెట్టుండ్రి, తప్పయితే అదే రోజు దిద్దుకోండ్రి. గీ మూడు చేసినోనికి వంద కోట్ల నోటీసు వచ్చినా, నిమ్మలంగ చదివి ఒక లాయర్ తానికి పోవుడే.

మా ఊరి మోరి ఇంకా పగిలే ఉన్నది. మొన్న వానకు ఇంకింత పగిలింది.